వరద సాయం ఎక్కడ తేడా కొడుతుంది? రెడ్‌క్రాస్‌లో చేరాలనుకునే మీకు నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది రేపల్లె దగ్గర, ఉద్యోగం హైదరాబాదులో. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆఫీసు స్నేహితులంతా కలిసి నలభై మూటల బట్టలు, బిస్కెట్ల పెట్టెలు వ్యానులో వేసుకుని వెళ్లారు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాటకముందే బిస్కెట్లు చేతులు మారిపోయాయి, బట్టలు బురదలో తొక్కుడు పడ్డాయి. అప్పట్నుంచి మనసులో అదే మెదులుతోంది. పద్ధతిగా చేసేవాళ్లతో కలిసి చేద్దామని రెడ్‌క్రాస్ గురించి ఆలోచిస్తున్నారు. కానీ రెడ్‌క్రాస్ అంటే మీకు కనిపించింది రక్తదాన శిబిరం, పక్కన కలెక్టరు గారితో ఫొటో, అంతే. అసలు వాళ్లు ఏం చేస్తారు, డబ్బిస్తే చేరాల్సిన చోటికి చేరుతుందా, చేరితే నేనేం చేయాలి, నెలకి ఎంత టైం పడుతుంది అని అడిగారు.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. స్కూల్లో జూనియర్ రెడ్‌క్రాస్ (బడిపిల్లల విభాగం) చూసుకోమని హెడ్మాస్టరు గారు నా నెత్తిన పెట్టారు, వద్దనడానికి మొహమాటపడ్డాను. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను వచ్చింది. అదే మొదలు. ఆ తర్వాత కోస్తాలో వచ్చిన పెద్ద తుపాన్లలో చాలావాటికి ఏదో ఒక మూల పనిచేశాను. జిల్లా పేరు, ఊళ్ల పేర్లు కావాలనే రాయడం లేదు. మంచితోపాటు మా పొరపాట్లూ చెప్పాలి కాబట్టి.

ముందు మీ మూటల సంగతి. బాధపడకండి, ప్రతి విపత్తులోనూ ఇదే జరుగుతుంది. ఒకసారి మా గోడౌనుకి మూడు లారీల పాత బట్టలు వచ్చాయి. విప్పి చూస్తే జాకెట్టు లేని పట్టుచీరలు, పెళ్లి సూట్లు, జిప్పు పోయిన జీన్సులు, ఒంటి చెప్పులు. ఆరుగురం రెండు రోజులు కూర్చుని వేరుచేస్తే పనికొచ్చేవి మూడోవంతు కూడా తేలలేదు. ఆ రెండు రోజులూ ఆ ఆరుగురం ఊళ్లలో ఉండాల్సినవాళ్లం. సముద్రపొడ్డు ఊళ్లలో ఆడవాళ్లు ఏమీ లేకపోయినా ముక్కూమొహం తెలియనివాళ్లు కట్టి విడిచిన చీర ముట్టుకోరు. వాళ్లకి కావలసినవి లంగాలు, నైటీలు, లోపలి బట్టలు, ప్యాడ్లు. నోరు తెరిచి మగవాళ్లని అడగలేరు. ఇన్నేళ్లలో ఏ మూటలోనూ అవి వచ్చినట్టు నాకు గుర్తులేదు.

తిండి కూడా అంతే. సాంబారన్నం పొట్లం కట్టి ముప్పై కిలోమీటర్లు తీసుకెళ్తే విప్పేసరికి కంపు కొడుతుంది. మన ఊళ్ల వంటవాళ్లకి ఇది ముందే తెలుసు కాబట్టే వరదంటే పులిహోర కలుపుతారు. చింతపండు పులుపుకి సాయంత్రం దాకా ఆగుతుంది. ఆ పొట్లాలు ఎవరికి అందుతాయన్నది వేరే లెక్క. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీల్లో మీరూ చూసే ఉంటారు, మెయిన్ రోడ్డు మీదివాళ్లకి నాలుగు పూటల తిండి ఒకేసారి వచ్చి పడింది, లోపలి వీధుల్లో మేడ మీద ఇరుక్కున్నవాళ్లు నీళ్ల సీసా కోసం అరిచారు. డ్రోన్లతో పొట్లాలు వేసినా, హెలికాప్టర్లు తిరిగినా ఆ తేడా పూర్తిగా పోలేదు. మంచి మనసులకి ఆ రోజు విజయవాడలో కరువు లేదు. ఏ వీధిలో ఎంతమంది ఉన్నారో రాసుకున్న కాగితానికే కరువు. రెడ్‌క్రాస్‌లో మేం చేసే పని ముప్పాతిక మువ్వీసం ఆ కాగితమే.

సంస్థ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది స్వచ్ఛంద సంస్థల్లో ఒకటి అనుకుంటారు, ఇంకొందరు ప్రభుత్వ శాఖ అనుకుంటారు. రెండూ పూర్తిగా సరికాదు. ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ 1920లో చట్టం ద్వారా ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కోసం జనం ఇచ్చిన చందాలు, సామాన్లు యుద్ధం అయిపోయాక మిగిలాయి, వాటిని ఎవరు చూడాలన్న ప్రశ్న కూడా ఆ చట్టం వెనక ఉంది. అంటే ఈ సంస్థ పుట్టుకలోనే స్టాకు రిజిస్టరు ఉందన్నమాట! దేశానికి రాష్ట్రపతి, రాష్ట్ర శాఖకి గవర్నరు, జిల్లా శాఖకి కలెక్టరు అధ్యక్షులు. ప్రభుత్వానికి తోడుగా పనిచేయడం దీని బాధ్యత, అయినా ఎవరికి సాయం చేయాలన్నది అవసరాన్ని బట్టి తనే తేల్చుకోవాలి. మానవత, నిష్పక్షపాతం, తటస్థత, స్వతంత్రత, స్వచ్ఛంద సేవ, ఐక్యత, విశ్వజనీనత అని ఏడు సూత్రాలు ఉంటాయి. జూనియర్ రెడ్‌క్రాస్ పిల్లలు వీటిని ఎక్కాల్లా అప్పజెప్తారు. నిష్పక్షపాతం అంటే ఏమిటో నాకు అర్థమైంది మాత్రం ఒక చెరువుకట్ట మీద. ఆ సంగతి కిందకొస్తుంది.

కలెక్టరు అధ్యక్షులు కావడం వల్ల లాభం ఉంది. రోడ్లు మూసేసినా మా బండి వెళ్తుంది, తహసీల్దారు ఫోను ఎత్తుతారు, గోడౌను దొరుకుతుంది. నష్టమూ ఉంది. అధికారి మారితే శాఖ నడకే మారిపోతుంది. ఊళ్లో జనం మమ్మల్ని చూసి పింఛను ఎందుకు ఆగిందని నిలదీస్తారు. వాలంటీరునని చెప్పుకుంటే మరీ కష్టం, 2024 దాకా ఇంటింటికీ పింఛను పంచిన ప్రభుత్వ వాలంటీర్లమే అనుకుంటారు.

ఇంకొకటి ముందే చెప్పేస్తాను. తాడు కట్టుకుని వరదలో దూకి మనుషుల్ని లాగడం మన పని కాదు. దానికి ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ (కేంద్ర, రాష్ట్ర విపత్తు దళాలు), ఫైర్ వాళ్లు, నేవీ ఉన్నారు, వాళ్లకా శిక్షణ ఉంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు దీనికి బాగా నిరుత్సాహపడతారు. మన పని వాళ్లకి ముందూ వెనకా ఉంటుంది.

ఇక కిట్ల పంపిణీ. ఓ పదిహేనేళ్ల కిందటి మాట. మత్స్యకారుల ఊరు. తుపాను తీరం దాటిన మూడో రోజు మా బండి వెళ్లింది. కిట్టు అంటే ఒక కుటుంబానికి సరిపడా సామాను. ఆ సారి వచ్చినదాంట్లో ఒక టార్పాలిన్ (మా వైపు బరకం అంటాం), రెండు దుప్పట్లు, వంటగిన్నెల సెట్టు, బకెట్టు, దోమతెర, చీర, లుంగీ ఉన్నాయి. కిట్లు 150. వీఆర్వో ఇచ్చిన లిస్టులో కుటుంబాలు 212. దెబ్బ ఎక్కువ తగిలిన 150 ఇళ్లని ముందురోజు తిరిగి గుర్తుపెట్టుకుని టోకెన్లు రాసుకొచ్చాం. పద్ధతి ప్రకారం అంతా సరిగ్గానే చేశాం అనుకున్నాం.

బండి ఆగగానే ఊరి పెద్దలు నలుగురు వచ్చి, "మాస్టారూ, ఇస్తే అందరికీ ఇవ్వండి, లేదంటే బండి వెనక్కి తిప్పండి" అన్నారు. కోపంగా కాదు, మర్యాదగానే అన్నారు. మాతో వచ్చిన కుర్రాడికి ఒళ్లు మండింది. సాయం చేస్తామంటే బేరం ఏంటి సార్ అన్నాడు. వాళ్ల వైపు నుంచి చూడండి. ఆ ఊళ్లో పడవ వాటా నుంచి పండగ చందా దాకా అన్నీ కలిసి పంచుకుంటారు. రేపు ఒకే పడవలో సముద్రం మీదికెళ్లాల్సినవాళ్లు. ఒకడికి కొత్త గిన్నెలు ఇచ్చి పక్కవాడికి ఇవ్వకుండా మనం సాయంత్రానికి వెళ్లిపోతాం, ఆ చిచ్చు ఊళ్లో ఉండిపోతుంది.

రెండు గంటలు ఇసుకలో కూర్చున్నాం. చివరికి కిట్లు విప్పేశాం. దుప్పట్లు మొత్తం 300. ఇంటికొకటి చొప్పున 212 పోగా 88 మిగిలాయి, అవి ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లలున్న ఇళ్లకి. బరకాలు మాత్రం కప్పు ఎగిరిపోయిన ఇళ్లకే అని మేం పట్టుబట్టాం. పెద్దలు ఒప్పుకుని, ఎవరి కప్పు ఎగిరిందో వాళ్లే అందరి ముందూ పేరుపేరునా చెప్పారు. 131 తేలాయి. మా టోకెన్ల లిస్టులో 150 అని రాసుకున్నాం కదా, అందులో పంతొమ్మిది ఇళ్లకి అసలు బరకం అక్కర్లేదని ఊరే తేల్చింది! గిన్నెలూ అలాగే సర్దుకున్నాయి. సంతకాలు, వేలిముద్రలు తీసుకునేసరికి చీకటి పడింది. ఆఫీసుకెళ్లాక ఒక కుటుంబానికి ఒక కిట్టు అనే ఫారంలో ఈ లెక్క ఇమడలేదు. నెల రోజులు వివరణలు రాశాను, అది వేరే కథ.

పంతొమ్మిది బరకాలు మిగిలాయి కదా. వాటిని తిరిగి బండిలో పెడుతుంటే మా స్కూల్లో పదో తరగతి చదివే పిల్లాడొకడు, జూనియర్ రెడ్‌క్రాస్ బ్యాడ్జీ పెట్టుకుని పొద్దుట్నుంచీ మా వెంటే తిరుగుతున్నవాడు, "సార్, చెరువుకట్ట మీదోళ్లకి ఇవ్వరా?" అన్నాడు. కట్ట మీద ఎవరున్నారురా అంటే యానాదులు అన్నాడు. ఊరికి కిలోమీటరున్నర దూరంలో ఏడు గుడిసెలు. వీఆర్వో లిస్టు రేషన్ కార్డుల నుంచి దించింది, వాళ్లకి కార్డుల్లేవు. ముందురోజు ఊరంతా తిరిగిన మేం కట్ట దాకా వెళ్లలేదు. వాళ్లూ రాలేదు. పిలవనిచోటికి వస్తే కసురుతారని వాళ్లకి తెలుసు. ఊరి పెద్దలు కూడా "అందరికీ" అన్నప్పుడు ఆ ఏడు గుడిసెల్ని కలుపుకోలేదు.

టార్చి పట్టుకుని వెళ్లాం. గుడిసెల్లో రెండు నిలబడి ఉన్నాయి, అయిదు లేవు. ఒక ముసలమ్మ పోయిన సామాను చెప్పింది. ఒక వల, రెండు కుండలు, ఎలుకల బుట్టలు పన్నెండు. ఆ బుట్టలు పొలాల్లో ఎలుకలు పట్టడానికి, అదే వాళ్ల కూలి. మా ఫారంలో పడవలకి గడి ఉంది, గొడ్లకి ఉంది, ఎలుకల బుట్టలకి లేదు. పక్కన ఖాళీలో రాసుకున్నాను. గిన్నెల సెట్టు చేతికిస్తే తిప్పి చూసి, "ఇందులో అగ్గిపెట్టె ఉందా?" అని అడిగింది. లేదు. ఏడు రకాల సామాన్లున్న కిట్టులో అగ్గిపెట్టె లేదు. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది, గిన్నె మేం ఇస్తాం, పొయ్యి వెలిగించేది ఎవరికీ గుర్తురాలేదు. ఆ తర్వాతి నుంచి మా శాఖలో ప్రతి కిట్టులో రెండు అగ్గిపెట్టెలు పాలిథిన్ కవర్లో చుట్టి పెడుతున్నాం. ఇంకో అలవాటు కూడా పట్టుకుంది. ఏ ఊరెళ్లినా సర్వే ఊరి చివర నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తాం, గుడి దగ్గర్నుంచి మొదలుపెట్టం.

రెండో పెద్ద పని నీళ్లు. తుపానులో చనిపోయేవాళ్లు టీవీలో కనిపిస్తారు, పది రోజుల తర్వాత వాంతులు విరేచనాలతో ఆసుపత్రికి వెళ్లేవాళ్లు కనిపించరు. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు కావాలని సహాయ సంస్థలన్నీ పెట్టుకున్న కొలత ఉంది, తాగడానికి, వంటకి, ఒళ్లు శుభ్రానికి కలిపి. పునరావాస కేంద్రంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని కూడా ఉంది. ఈ కొలత చదివినప్పుడు మా స్కూలు గది కొలిచాను. ఆరు మీటర్లకి ఆరు మీటర్లు, అంటే పదిమందికి సరిపోతుంది. మొన్నటి తుపానుకి అందులో యాభై రెండు మంది పడుకున్నారు. కొలత ఉన్నది ఎంత తక్కువలో ఉన్నామో తెలియడానికైనా పనికొస్తుంది.

బావుల్లో క్లోరిన్ కలపడం చిన్న లెక్క, మీరూ నేర్చుకోవచ్చు. మంచి బ్లీచింగ్ పౌడరు అయితే వెయ్యి లీటర్లకి సుమారు 2.5 గ్రాములు. బావి రెండు మీటర్ల వెడల్పు, నీళ్లు అయిదు మీటర్ల లోతు అనుకోండి. 3.14ని వ్యాసార్ధం వర్గంతో, లోతుతో గుణిస్తే 15.7 ఘనపు మీటర్లు, అంటే పదిహేను వేల ఏడొందల లీటర్లు, దానికి దాదాపు 40 గ్రాముల పౌడరు. బకెట్టులో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు ఇంకో బకెట్టులోకి వంచి, దాన్ని తాడుతో బావిలోకి దించి అటూ ఇటూ ఆడించాలి. తెల్లటి మడ్డి బావిలో పోయకూడదు. కనీసం గంట ఆగాలి. రాత్రి వేసి పొద్దున వాడుకుంటే ఇంకా మంచిది. వరద నీళ్లు దిగిన బావికి ఇంతతో చాలదు, ముందు తోడించాలి, మోతాదు పెంచాలి, ఆ తర్వాత టెస్టు చేసి క్లోరిన్ మిగిలిందో లేదో చూడాలి.

ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి. ఒక ఊళ్లో మూడు రోజులు వరసగా ఇలాగే లెక్క కట్టి వేయించాను. టెస్టు చేస్తే నీళ్లకి రంగే రాలేదు, అంటే క్లోరిన్ లేదు. లెక్క మళ్లీ చేశాను, సరిగ్గానే ఉంది. తీరా చూస్తే ఆ బస్తా రెండేళ్ల కిందటిది, మూతి విప్పి తడి గోడకి ఆనించి పెట్టారు. క్లోరిన్ ఎప్పుడో గాల్లో కలిసిపోయింది, మేం పోసింది సున్నం. మాస్టారు గారి లెక్క రైటు, పౌడరే డెడ్డు అని మావాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు. బస్తా మీద తేదీ చూడకుండా సంతకం పెట్టింది నేనే.

ఇప్పుడు చెప్పబోయేది జనానికి అసలు తెలియని పని. విడిపోయిన కుటుంబాలని కలపడం, కనిపించకుండా పోయినవాళ్ల జాడ వెతకడం. ప్రపంచవ్యాప్తంగా రెడ్‌క్రాస్ చేసే పనుల్లో ఇదొకటి, యుద్ధాలప్పుడు మొదలై విపత్తులకీ వచ్చింది. దీని విలువ నాకు ముందు ఇంట్లోనే తెలిసింది. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. నాకప్పుడు పదిహేనేళ్లు. మా మేనత్త వాళ్లది నాగాయలంక వైపు ఊరు. నాలుగో రోజు మా నాన్న వెంట నేనూ వెళ్లాను. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు పదివేలకి పైమాటే అంటారు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మదర్ థెరిసా వచ్చారు, ఎక్కడెక్కడి నుంచో సంస్థలు వచ్చాయి. కానీ ఎవరు బతికి ఏ శిబిరంలో ఉన్నారో ఒక్కచోట రాసిన పుస్తకం మాకు కనపడలేదు. అత్తయ్య దొరికింది, ఒక కొడుకు దొరికాడు. మామయ్య దొరకలేదు. శవాల్ని గుర్తుపట్టే వీలు లేక, ఎవరివో రాసుకునే తీరిక లేక, కుప్పలుగా వేసి కాల్చేశారు. వాళ్లని తప్పు పట్టలేం, ఆ వాసనలో నిలబడటమే గొప్ప. అయితే వరద శవాల వల్ల అంటురోగాలు వస్తాయన్న భయంతోనే అంత తొందర. దెబ్బ తగిలి, నీళ్లలో మునిగి చనిపోయినవాళ్ల వల్ల మహమ్మారి రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. ఒక ఫొటో, ఒక నంబరు, ఒంటి మీది వస్తువు ఒకటి తీసి దాచే వ్యవధి ఉంటుంది.

అత్తయ్య ఏడేళ్లు బొట్టు తీయలేదు. మామయ్య పేరున ఉన్న ఎకరంన్నర కాగితాలు కదల్లేదు. ఏడేళ్లు జాడ తెలియకపోతేనే చట్టం మనిషిని చనిపోయినట్టు భావిస్తుంది. నేనిప్పుడు ఏ శిబిరానికి వెళ్లినా మొదటి గంటలో ఒక లాంగ్ నోట్‌బుక్కు తెరుస్తాను. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఎవరి కోసం చూస్తున్నారు, చివరిసారి ఎక్కడ చూశారు. సెల్‌ఫోన్లున్న కాలంలో ఇదెందుకు మాస్టారూ అంటారు. హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబరు 12న, విశాఖ లాంటి మహానగరంలోనే టవర్లు పడిపోయి రోజుల తరబడి ఫోన్లు మూగబోయాయి. అయినా ఈ రోజుల్లో ఎవరికి పక్కవాడి నంబరు నోటికొస్తుంది చెప్పండి.

రక్తం గురించి రెండు మాటలే, దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. చాలా జిల్లాల్లో రెడ్‌క్రాస్ రక్తనిధులు నడుపుతోంది. "ఊరికే ఇచ్చిన రక్తాన్ని అమ్ముకుంటారు" అని మీరు రాసినదానికి జవాబు: తీసుకునేది ప్రాసెసింగ్ ఛార్జీ. ప్రతి యూనిట్‌కీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి, సంచీ ఖర్చు, కరెంటు ఖర్చు ఉంటాయి. ఎక్కువ అడిగారనిపిస్తే రసీదు తీసుకుని నిలదీయండి, తప్పేం లేదు. మీరు ఇవ్వాలనుకుంటే పుట్టినరోజున కాకుండా మే, జూన్‌లో ఇవ్వండి. కాలేజీలు సెలవులు, క్యాంపులు ఉండవు, ఫ్రిజ్‌లు ఖాళీ. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్లకి పరుగులు పెడతారు, అవి అయిదు రోజులకి మించి నిలవ ఉండవు. తుపాను మర్నాడు వందమంది ఒకేసారి వచ్చి ఇస్తే ఫొటో బాగుంటుంది, నెల తిరిగాక వాడని యూనిట్లు పారబోయాలి.

డబ్బు చేరుతుందా? మా శాఖ వరకు నేను హామీ ఇవ్వగలను, అన్నింటికీ ఇవ్వలేను. కొన్ని శాఖలు చురుగ్గా ఉంటాయి. నెల్లూరులో రెడ్‌క్రాస్ ఏకంగా క్యాన్సర్ ఆసుపత్రి నడుపుతోంది. కొన్నిచోట్ల ఆఫీసు తాళం మే 8న, ప్రపంచ రెడ్‌క్రాస్ దినోత్సవం నాడు మాత్రమే తీస్తారు. జీవిత సభ్యుల లిస్టు చాంతాడంత ఉంటుంది, కమిటీ ఎన్నికల రోజు తప్ప వాళ్ల ముఖాలు కనపడవు. కాబట్టి ఇచ్చే ముందు వెళ్లి చూడండి. ఆడిటైన లెక్కలు అడగండి, స్టాకు రిజిస్టరు చూపించమనండి. చూపించడానికి మొహం చిట్లించారంటే మీకు జవాబు దొరికినట్టే. నగదుగా ఇవ్వకండి, రసీదు లేకుండా ఇవ్వకండి. విరాళం మీద వచ్చే పన్ను మినహాయింపు (80జీ అంటారు) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, అది చూసుకోండి. ఇంకో మాట, తుపాను వచ్చిన వారం వద్దు, ఏప్రిల్‌లో ఇవ్వండి. అప్పుడు బరకాలు నిదానంగా, నాణ్యత చూసి కొనొచ్చు. తుపాను వారంలో అదే బరకానికి షాపువాడు నోటికొచ్చిన రేటు చెప్తాడు, పల్చటిది అంటగడతాడు.

ఎర్ర శిలువ గుర్తు గురించి ఒక చిన్న కోపం ఉంది నాకు, ఇక్కడ చెప్పేస్తాను. మందుల షాపులు, క్లినిక్కులు, డాక్టర్ల కార్ల మీద దాన్ని ఇష్టమొచ్చినట్టు వేస్తారు. అది వైద్యానికి గుర్తు కాదు, యుద్ధరంగంలో "వీళ్లని కాల్చకూడదు" అని చెప్పే రక్షణ చిహ్నం. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడటం నేరం. జరిమానా అయిదు వందల దాకానే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మీ ఆఫీసు ఫస్ట్ ఎయిడ్ పెట్టె మీద ఉంటే ఆకుపచ్చ మీద తెల్ల శిలువగా మార్పించండి.

చేరాక ఏం చేయాలి అన్నారు. ముందు ప్రథమ చికిత్స నేర్చుకోండి. నీళ్లలో మునిగినవాడికి ముందు ఊపిరి ఊదాలి, ఆ తర్వాత గుండె మీద ముప్పై నొక్కులకి రెండు ఊపిర్లు. కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తిప్పడం ఇంకా ఊళ్లలో చేస్తూనే ఉన్నారు, మానిపించాలి. వరద తర్వాత పాములు ఎత్తు చోట్లకి చేరతాయి, అంటే మనుషులు చేరినచోటికే. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై అవనిగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టారు. కాటు పడితే కోయకూడదు, గట్టిగా తాడు బిగించకూడదు, మనిషిని నడిపించకూడదు. కాలు కదలకుండా కర్ర కట్టి, విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్లాలి. ఏ ఆసుపత్రిలో ఉందో ముందే తెలిసుండాలి.

మీరు హైదరాబాదులో ఉంటారు కాబట్టి ప్రతి శిక్షణకీ రాలేరు. అక్కర్లేదు. ఎక్సెల్ మీద రోజంతా పనిచేసేవాళ్లు మాకు బంగారం. మా లిస్టులు ఇప్పటికీ మూడు రకాల చేతిరాతల్లో ఉంటాయి, ఒకే మనిషి సుబ్బమ్మ, సుబ్బాయమ్మ, సుబ్బులు అని మూడు చోట్ల ఉంటుంది. పండగలకి ఊరొచ్చినప్పుడు ఒక రోజు మీ మండలానికి ఇవ్వండి. ఊరి చివర్న ఎవరున్నారు, మంచం మీద ఉన్నవాళ్లు ఎవరు, నెలలు నిండినవాళ్లు ఎవరు, కార్డు లేనివాళ్లు ఎవరు అని రాసి పెట్టండి, ఆరు నెలలకోసారి సరిచూడండి. ఆ కాగితం రెడ్‌క్రాస్ ఆఫీసులో ఒకటి, ఊరి సచివాలయంలో ఒకటి ఉండాలి. అందరి వివరాలు కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

తుపాను షెల్టరు కూడా చూసి రండి. 1977 తర్వాత కోస్తా పొడుగునా చాలా కట్టారు, ఒడిశాలో 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌కి రెడ్‌క్రాస్ కట్టించిన షెల్టర్లలో వేలమంది ప్రాణాలు నిలుపుకున్నారు. మా దగ్గర ఒక ఊళ్లో రాత్రి పది గంటలకి జనాన్ని తీసుకెళ్తే తలుపుకి తాళం. తాళంచెవి ఉన్నాయన మేనకోడలి పెళ్లికని తెనాలి వెళ్లాడు. రాయితో పగలగొట్టాం. లోపల సగం హాలు నిండా ఎవరివో ఎరువుల బస్తాలు. అప్పట్నుంచి నా డైరీలో చివరి పేజీ షెల్టర్లదే. ఏ షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది, రెండో చెవి ఎవరి దగ్గరుంది, మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా.

టైం విషయానికొస్తే, మామూలు నెలల్లో రెండు ఆదివారాలు సాయంత్రాలు చాలు. మే, అక్టోబరు, నవంబరు నెలల్లో అంతకంటే ఎక్కువ, తుపాను వస్తే సెలవు పెట్టాల్సిందే. ముందు మీ జిల్లా శాఖకి ఒక శనివారం వెళ్లి కూర్చుని రండి. చూసొచ్చాక ఇక్కడే రాయండి, మిగతాది అప్పుడు చెప్తాను.